హెచ్చరిక: తెలిసి దాచితే ఆ ఆయుధం మీదే

ఈ మాట దసరాకు ముందే కామాఠిపురా ఒకటో గల్లీ నుంచి చివరి గల్లీ దాకా, నాగ్‌పాడా నుంచి గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా ఉన్న ప్రతి తెలుగు ఇంటికీ చేరాలి. ఎవరైనా వచ్చి ‘అన్నా, ఈ సంచి రెండు రోజులు నీ ఖోలీలో ఉంచు, ఏం లేదు, కొంచెం సామాను’ అంటే ఉంచకండి. లోపల ఏముందో తెలిసి ఉంచారా, చట్టం ముందు అది మీదే. అది మీది కాదని అవ్వకు తెలుసు, పక్క ఖోలీవాళ్లకు తెలుసు, గల్లీ మొత్తానికీ తెలుసు. కోర్టు మాత్రం దాన్ని ఎవరు కొన్నారని అడిగి ఊరుకోదు. అది ఎవరి అదుపులో ఉంది, ఆ సంగతి వాళ్లకు తెలుసా అని అడుగుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మన పోరగాళ్లలో ఒక తప్పుడు నమ్మకం పాతుకుంటోంది. ఆత్మరక్షణ కోసం ఆయుధం దగ్గర పెట్టుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని, పోలీసులు ఊరికే సతాయిస్తున్నారని వాళ్లు అనుకుంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మేనబావ షూటింగ్ రేంజ్‌లో తుపాకీ పట్టుకుని దిగిన ఫొటో పెడతాడు. ఇక్కడ చాల్ మెట్ల మీద కూర్చున్న తమ్ముడు దాన్ని చూసి, మనకు మాత్రం ఎందుకు లేదంటాడు. ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. జవాబు తెలుసుకోకుండా నడుముకు ఘోడా, అంటే తుపాకీ, దోపుకోవడంలోనే ప్రమాదమంతా ఉంది.

జవాబు మన రాజ్యాంగంలోనే ఉంది. 19వ అధికరణం పౌరులకు గుమికూడే స్వేచ్ఛ ఇస్తూ రెండు షరతులు పెట్టింది: శాంతియుతంగా ఉండాలి, ఆయుధాలు లేకుండా ఉండాలి. ప్రాథమిక హక్కుల అధ్యాయంలో ఆయుధాన్ని అనుమతించిన చోటు ఒక్కటే. కృపాణం ధరించడం సిక్కు మతాచరణలో భాగమని 25వ అధికరణం వివరణలో రాశారు. అంతకు మించి ఏమీ లేదు. అది మరచిపోయి వదిలేసిన ఖాళీ కూడా కాదు. 1878లో లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడిని లైసెన్స్ కోసం నిలబెట్టి తెల్లవాడికి మినహాయింపు ఇచ్చింది. ఆ అవమానం మనసులో ఉండబట్టే 1931లో కరాచీ కాంగ్రెస్, నియమాలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు ప్రతి పౌరుడికీ ఉండాలని తీర్మానించింది. 1948 డిసెంబర్ మొదట్లో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగ ముసాయిదాలోకి తేవాలని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఎవరికి వారు బజారుకెళ్లి దాడికి పనికొచ్చే సామగ్రి కొనుక్కుంటూ పోతే ప్రభుత్వం నడవడం ఎలాగని అడిగారు. స్వతంత్ర దేశంలో గట్టిగా కోరాల్సింది ఆయుధం పట్టే హక్కు కన్నా, దేశానికి అవసరమైనప్పుడు ఆయుధం పట్టే బాధ్యత అన్నారు. ఆ మాట అన్నది పరేల్‌లోని బీఐటీ చాల్లో ఏళ్ల తరబడి కాపురమున్న మనిషి. ఇరుకు ఖోలీల మధ్య, ఒకే నడవలో వందమంది తిరిగే చోట ఒక్క ఆయుధం ఏం చేయగలదో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదని మా అభిప్రాయం.

ఆ తర్వాత కోర్టులు ఏమన్నాయి? ఒక్కసారి మాత్రం గాలి అటు మళ్లినట్టు కనిపించింది. 1993లో అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ మార్కండేయ కట్జూ, నిషేధిత వర్గంలోకి రాని ఆయుధం కలిగి ఉండటం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పు రాశారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. అదే హైకోర్టు ఫుల్ బెంచ్ దాన్ని తోసిపుచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అనుమానానికి తావు లేకుండా చేసింది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో లైసెన్స్ లేని తుపాకుల సంఖ్య చూసి కలవరపడిన జస్టిస్ కె.ఎం. జోసెఫ్, జస్టిస్ బి.వి. నాగరత్నల ధర్మాసనం, అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు ఆయుధం పట్టే హక్కు మన రాజ్యాంగం ఎవరికీ ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. అక్రమ తుపాకుల కేసులు ఎన్ని పెట్టారో, ఏం చర్య తీసుకున్నారో చెప్పమని ప్రభుత్వాన్ని అడిగింది. లైసెన్స్ అన్నది ప్రభుత్వం ఇస్తే వచ్చేది, షరతు తప్పితే పోయేది. అడిగి తెచ్చుకోవచ్చు గానీ పుట్టుకతో వచ్చిందని వాదించలేం.

అమెరికా సంగతి కూడా మన పిల్లలు సగమే విన్నారు. 1791 నాటి రెండో సవరణ ఒకే ఒక్క వాక్యం. అందులో ముందు పౌరసేన ప్రస్తావన, తర్వాత ప్రజల హక్కు ప్రస్తావన వస్తాయి. ఇంట్లో ఆత్మరక్షణకు చేతి తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది 2008లో, హెల్లర్ కేసులో. అంటే సవరణ వచ్చిన రెండు వందల ఏళ్లు దాటాక. 2010లో ఆ హక్కు రాష్ట్రాలనూ కట్టేస్తుందంది. 2022లో బ్రూయెన్ కేసులో తుపాకీని ఇంటి బయట వెంట ఉంచుకోవడం దాకా దాన్ని పొడిగించింది. 2024లో రహీమీ కేసులో మాత్రం, గృహహింస కేసులో రక్షణ ఉత్తర్వు ఉన్నవాడి చేతి నుంచి తుపాకీ తీసేయడం సబబేనంది. ఇక మన మేనబావ గురించి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్ని అక్కడి సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేతెలో ఒక బార్‌లో, నా దేశం వదిలి వెళ్లిపొమ్మని అరుస్తూ ఒకడు పేల్చిన తుపాకీకి బలైంది హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగు ఇంజనీరే. ఆ హక్కు మన మేనబావల చేతిలో కన్నా వాళ్ల ఎదురుగా ఎక్కువ కనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. మన దేశంలో కోర్టులు ఆయుధ హక్కును వెడల్పు చేయలేదు. ఏళ్ల తరబడి అవి సానబట్టింది మరో మాటను: ‘స్వాధీనం’. ఆయుధం ఎవరి దగ్గర ఉన్నట్టు? చేతిలో ఉంటేనే ఉన్నట్టా? గుణవంత్‌లాల్ కేసులో 1972లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఆయుధం వేరే మనిషి దగ్గర దొరికినా సరే, దాని మీద పట్టు, పెత్తనం ఎవరివో చూడాలంది. ఆ సంగతి తెలిసి ఉండటం ముఖ్యమంది. కాబట్టి సొంతదారు దాన్ని ఇంకొకరి ఇంట్లో పెట్టి చేతులు దులుపుకోలేడు. తెలిసి పెట్టనిచ్చినవాడూ తప్పించుకోలేడు. ఒకే ఆయుధం ఇద్దరి మెడకూ చుట్టుకుంటుంది.

దీనికి పెద్ద ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది, అందరికీ తెలిసిన మనిషిదే. సంజయ్ దత్ కథను మన పిలాహౌస్ పాత టాకీసుల చుట్టుపక్కల ఇప్పటికీ సినిమా కథలాగే చెప్పుకుంటారు. అసలు విషయం అందులో కొట్టుకుపోతుంది. 1992 డిసెంబర్, 1993 జనవరి అల్లర్ల రోజులవి. కుటుంబానికి ప్రాణభయం ఉందని, రక్షణ కోసమే ఆయుధం తీసుకున్నానని ఆయన చెప్పుకున్నాడు. 1993 మార్చి 12న పేలుళ్లు జరిగాయి, ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. 1994లో ఆయన కేసులోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఉగ్రవాద నిరోధక చట్టం టాడాలోని ‘స్వాధీనం’ అంటే తెలిసి దగ్గర పెట్టుకోవడమేనని తేల్చింది. చివరికి టాడా కోర్టు ఆయనను ఉగ్రవాద నేరాల నుంచి వదిలేసింది. ఆయుధాల చట్టం మాత్రం వదల్లేదు. లైసెన్స్ లేని పిస్తోలు, నిషేధిత వర్గంలోకి వచ్చే ఏకే-56 దగ్గర పెట్టుకున్నందుకు 2007లో ఆరేళ్ల శిక్ష పడింది. 2013 మార్చి 21న సుప్రీంకోర్టు దాన్ని అప్పటి చట్టంలోని కనిష్ఠ శిక్షకు, అయిదేళ్లకు తగ్గించింది. నేర స్వభావం తీవ్రమైనదంటూ మంచి నడవడిక మీద విడిచిపెట్టడానికి ఒప్పుకోలేదు. 2016 ఫిబ్రవరిలో గానీ ఆయన ఎరవాడ జైలు నుంచి బయటికి రాలేదు.

ఇందులో మన గల్లీ పిల్లలు చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆ తుపాకీతో ఆయన ఎవరినీ కాల్చలేదు. దగ్గర పెట్టుకోవడమే నేరమైంది. ప్రాణభయం ఉందన్న మాట శిక్ష ఎంత అన్న దగ్గర వినిపించిందేమో గానీ నేరాన్ని చెరిపేయలేదు. రెండు, సినిమా పత్రికలు పెద్దగా పట్టించుకోని సంగతి. పోలీసులు రాకముందే ఆయుధాన్ని మాయం చేయమని కబురందుకున్న స్నేహితులు కూడా బోనెక్కారు, దోషులుగా తేలారు. వాళ్లు తుపాకీ కొనలేదు, దాంతో వాళ్లకు పనీ లేదు. స్నేహం కోసం ఒక పని చేసిపెట్టారు. మన చాల్లలో స్నేహం ఎట్లుంటదో తెలుసు కదా, ‘పక్కనోడు అడిగితే కాదంటమా’ అంటాం. వాళ్లూ అట్లనే అనుకుని ఉంటారు.

అప్పటి కనిష్ఠం ఇప్పుడు లేదు. 2019 డిసెంబర్ సవరణ తర్వాత నిషేధిత ఆయుధం దగ్గరుంటే తక్కువలో తక్కువ ఏడేళ్లు, పధ్నాలుగేళ్ల దాకా పోవచ్చు. మామూలు తుపాకీ, కట్టా, నాటు పిస్తోలు, చివరికి తూటా అయినా లైసెన్స్ లేకుండా ఉంటే రెండేళ్ల నుంచి అయిదేళ్లు. పెళ్లి బారాత్‌లో సంబరంగా గాల్లోకి కాల్చి మనుషుల ప్రాణాలను ప్రమాదంలో పెడితే, తుపాకీకి లైసెన్స్ ఉన్నా సరే, రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ.

ఈ ‘తెలిసి’ అన్న మాటే అమాయకుణ్ని కాపాడేది కూడా. సంచి అడుగున ఎప్పటిదో ఒక్క తూటా ఉండిపోయి విమానాశ్రయంలో పట్టుబడినవాళ్ల మీద పెట్టిన కేసులను, ఆ సంగతి వాళ్లకు తెలుసనడానికి ఆధారం లేదని ఢిల్లీ హైకోర్టు కొట్టేసిన సందర్భాలున్నాయి. కాబట్టి మీకు తెలియకుండా ఎవరో మీ గడప లోపల ఏదో పడేసి పోతే మీరు దోషులైపోరు. కానీ దాన్ని నమ్మించేసరికి ఎన్ని వాయిదాలు, ఎన్ని రోజుల కూలీ పోతాయో లెక్కేసుకోండి. చాల్లో నమ్మించడం మరీ కష్టం. పది అడుగుల ఖోలీలో ఆరుగురు పడుకుంటారు. మంచం కింద ఏముందో, పోటమాళా (అటక) మీద ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదంటే ఎవరు నమ్ముతారు?

ఇంకో విషయం, దీని గురించి మగవాళ్లు మాట్లాడరు. సంచి తెచ్చేవాడు పోరగాడు, తెమ్మన్నవాడు ఇంకెవడో. పోలీసులు తలుపు కొట్టే వేళకు ఇంట్లో ఉండేది మాత్రం తల్లి, లేకపోతే కొత్తగా కాపురానికొచ్చిన కోడలు. ‘అది ఏందిరా’ అని అడిగి, కొడుకు కసురుకుంటే ఊరుకున్న తల్లికి ఆ అడగడమే ఎదురు తిరగొచ్చు. అడిగిందంటే తెలిసినట్టే కదా అంటారు. అమ్మలారా, అక్కలారా, ఇంట్లోకి వచ్చిన ప్రతి మూట గురించీ అడగండి. జవాబు రాకపోతే మూట గడప దాటి బయటికి పోవాలి. కొడుకు అలిగితే అలగనివ్వండి.

తల్వార్ల సంగతి విడిగా చెప్పాలి. తుపాకీ అంటే మనవాళ్లకు భయముంది, తల్వార్ అంటే భయం లేదు, ముచ్చటే ఉంది. బర్త్‌డే నాడు రోడ్డు మీద కేకును తల్వార్‌తో కోయడం, దాన్ని రీల్ చేసి పాట పెట్టి వదలడం మన గల్లీల్లోకీ వచ్చింది. ఆయుధాల నియమాల ప్రకారం తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు, తల్వార్లు, బాకులు, బల్లేలు ఆయుధాల కిందికే వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, వృత్తికి చేసినవి ఇందులోకి రావు. దర్జీ కత్తెరకూ వంటింటి కత్తిపీటకూ భయం లేదు. కేంద్రం నోటిఫై చేసిన చోట్ల తల్వార్‌కూ లైసెన్స్ కావాలి. అది అట్లుంచి, ముంబై పోలీసుల చేతిలో ఇంకో తాళం ఉంది. మహారాష్ట్ర పోలీస్ చట్టం 37వ సెక్షన్ కింద కమిషనర్ ఉత్తర్వు ఇస్తే కత్తి, తల్వార్, కర్ర, గాయపరచడానికి పనికొచ్చే ఏ వస్తువూ పట్టుకుని తిరగకూడదు. ఉత్తర్వు పదిహేను రోజులదే, కానీ మళ్లీ మళ్లీ కొత్తది వస్తూనే ఉంటుంది. దాన్ని మీరితే 135వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. రీల్ పెట్టినవాడికి వకీలు కూడా ఏం చెప్పగలడు? నాకు తెలియదు, నాది కాదు అనడానికి వీల్లేకుండా మొహం, ఆయుధం, గల్లీ బోర్డు అన్నీ కలిపి తన సాక్ష్యం తానే తీసి లోకానికి చూపించాడాయె.

ఆయుధ పూజకు ఎవరూ అడ్డు చెప్పరు. మన ఇళ్లలో పూజ కుట్టుమిషనుకు, ట్యాక్సీకి, తాపీకి, మగ్గం గుర్తుగా దాచుకున్న నాడెకు. జమ్మి ఆకు పంచుకుని అలాయ్ బలాయ్ చేసుకోండి. ఊరేగింపులో తల్వార్ తిప్పే పని మాత్రం ఈ ఏడు పెట్టుకోకండి. మండలి పెద్దలు ఈ మాట ముందుగానే కుర్రాళ్లకు చెప్పాలి. పూజ రాత్రి స్టేజీ మీద మైకులో చెబితే ఎవరి చెవికీ ఎక్కదు.

కేసు పడితే శిక్ష ఒక్కటే కాదు. ఆయుధాల చట్టం అయిదో అధ్యాయం కింది నేరాలు పదే పదే చేసేవాణ్ని మహారాష్ట్ర 1981లో చేసిన ఎంపీడీఏ చట్టం ‘ప్రమాదకర వ్యక్తి’ అంటుంది. విచారణ లేకుండానే ఏడాది దాకా లోపల ఉంచగల చట్టమది. పోలీస్ చట్టం కింద తడీపార్ చేస్తే రెండేళ్ల దాకా ముంబైలో అడుగుపెట్టలేడు. నాలుగు తరాలుగా కామాఠిపురాలో పుట్టి పెరిగిన మన పిల్లవాడికి వెళ్లి ఉండటానికి ఊరెక్కడుంది? కరీంనగర్, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తాతల ఇళ్లు ఎప్పుడో కూలిపోయాయి. ఇక పాస్‌పోర్ట్. క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప పాస్‌పోర్ట్ నిరాకరించవచ్చు. దుబాయ్ వీసా కోసం ఏజెంట్‌కు అప్పుచేసి కట్టిన డబ్బు ఒక్క రీల్‌తో మునిగిపోతుంది.

భయం లేదని మేమనడం లేదు. 1992 సెప్టెంబర్ 12న మన పక్కనే జేజే ఆస్పత్రిలోకి ముఠావాళ్లు జొరబడి తుపాకులు పేల్చిన రాత్రి, ఆ డిసెంబర్ అల్లర్ల రాత్రులు చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇప్పుడు మ్హాడా చేపట్టదలచిన కామాఠిపురా పునర్నిర్మాణం సుమారు 34 ఎకరాల వ్యవహారం. మాలికుకు, కిరాయిదారుకు, బిల్డర్‌కు మధ్య పేచీలు ముదిరేకొద్దీ ‘మనకూ కొంచెం బలం ఉండాలి’ అనేవాళ్లు పుట్టుకొస్తారు. వాళ్లకు చెప్పేదిదే: మీద పడ్డవాడి నుంచి ప్రాణం కాపాడుకునే హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. ఆ క్షణంలో చేతికి దొరికిన దానితో కాపాడుకోవచ్చు. కానీ ఆ క్షణం ఎప్పుడో వస్తుందని ముందే లైసెన్స్ లేని తుపాకీ తెచ్చి పరుపు కింద పెట్టుకునే అనుమతి అందులో లేదు. నిజంగా ప్రాణభయం ఉంటే లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టండి. ముంబైలో లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనర్. తుపాకీ లైసెన్స్‌కు ఇరవై ఒక్కేళ్లు నిండాలి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది. నిరాకరిస్తే సాధారణంగా కారణం రాసివ్వాలి, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. పదో గల్లీ కూలివాడికి లైసెన్స్ ఎంత సులువుగా వస్తుందో మాకూ తెలుసు. పెద్ద టవర్లవాళ్ల దరఖాస్తు, చాల్‌వాళ్ల దరఖాస్తు ఒకే వేగంతో కదలవని వాదించేవాళ్లతో మాకు పేచీ లేదు. ఆ అన్యాయం మీద దరఖాస్తుతో, అప్పీలుతో కొట్లాడొచ్చు. కట్టా కొంటే కొట్లాటకు ముందే ఓడిపోతాం.

చివరగా, పాత చాల్లు ఖాళీ చేసే రోజు వచ్చినప్పుడు పనికొచ్చే సంగతి. పోటమాళాల మీద ఏమేం బయటపడతాయో చెప్పలేం. తాత వాచ్‌మన్‌గా చేసినప్పటి ఒంటిగొట్టం తుపాకీ ఉండొచ్చు, చోర్ బజార్‌లో ఎవరో కొన్న తల్వార్ ఉండొచ్చు, తుప్పు పట్టిన తూటాల డబ్బా ఉండొచ్చు. బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధానికి చట్టంలో మినహాయింపు ఉన్నమాట నిజమే. అది పేలుతుందో లేదో తేల్చేది మీరు కాదు, నిపుణుడు. లైసెన్స్ ఉన్న మనిషి చనిపోతే ఆ తుపాకీ కొడుకుకు దానంతటదే రాదు. లైసెన్స్ గడువు తీరినా, లైసెన్స్‌దారు పోయినా ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలని 21వ సెక్షన్ చెబుతోంది. వారసులు తమ పేరు మీద లైసెన్స్‌కు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

కాబట్టి అలాంటిది కనబడితే తుడవకండి, ట్రిగ్గర్ నొక్కి చూడకండి, వాట్సాప్‌లో ఫొటో పెట్టకండి. భయపడి రాత్రికి రాత్రే సముద్రంలో పారేయకండి, అది మాయం చేసిన నేరంగా మారుతుంది. ఇంటి పెద్దను, పొరుగున ఇద్దరిని పిలిచి అది ఉన్నచోటే చూపించండి. ముందు వకీలుతో మాట్లాడండి. వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేకపోతే న్యాయ సేవల సంస్థ నంబర్ 15100కు ఫోన్ చేస్తే ఉచిత సలహా దొరుకుతుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు హక్కు ఉంది. ఆ తర్వాత రాతపూర్వకంగా స్టేషన్‌లో తెలియజేసి, రాసిచ్చిన కాగితం నకలు మీద స్టాంపు వేయించుకోండి. పోలీసులే వెతకడానికి వస్తే అడ్డుపడకండి. సోదానూ స్వాధీనం చేసుకోవడాన్నీ వీడియో తీయాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ అంటోంది. వీడియో తీస్తున్నారా అని మర్యాదగా అడగండి. పంచనామా చదివి వినిపించమనండి, మరాఠీ రాకపోతే వచ్చినవాళ్లను పక్కన నిలబెట్టుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర పెట్టకండి.